పూటకో అర, నెలకో సంచి

జగిత్యాల జిల్లా కోరుట్ల వాడల్లో పగటిపూట నడిస్తే అరుగుల మీద చాటలు కనిపిస్తాయి. ఒళ్లో చాట, అందులో తడిపి కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు. కళ్లు వీధిలో ఉంటాయి, వేళ్లు మాత్రం బీడీ చుట్టి దారం కడుతూనే ఉంటాయి. నలభై ఏళ్లు ఇదే పని చేసిన అవ్వకు వేళ్ల మీదున్న పట్టు కళ్ల మీద లేదు. అచ్చు అక్షరం చదవడం ఆమెకు ఎన్నడూ రాలేదు. ఆ అవ్వకు బీపీ ఉంది, షుగర్ ఉంది. ఆ రెంటికీ పొద్దున ఏ గోలి, బువ్వ తిన్నంక ఏ గోలి, రాత్రి ఏ గోలి అన్నది చచ్చేదాకా తప్పకుండా గుర్తుంచుకోవాలి. మందుల బీమా గురించి మాట్లాడటం మొదలుపెట్టాల్సింది ఈ అరుగు మీదే.

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ 2022లో ఎన్‌సీడీ (అంటని జబ్బుల) కిట్ పేరుతో ఒక సంచి తెచ్చింది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల కోసం నెలకు సరిపడా మందులు, పొద్దునవి, మధ్యాహ్నానివి, రాత్రివి వేరుగా పెట్టుకునే ఏర్పాటు. చూడటానికి ఏమీ కాదు. పెళ్లి పందిట్లో తాంబూలం సంచి ఇంతకన్నా సొగసుగా ఉంటుంది. కానీ చీర అంచునో, గుడి స్తంభాన్నో ఎంత శ్రద్ధగా చూస్తామో ఈ సంచినీ అంత శ్రద్ధగా తిప్పి చూడాలి. పనితనం ఉన్నది కంటికి కనిపించని కుట్లలో.

ముందు కార్డుల సంగతి. మన ఊళ్లలో బీమా అంటే కార్డు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పెద్ద దవాఖానలో అడుగుపెట్టిన పేదవాడికి తోడుగా ఆరోగ్యమిత్ర ఉండాలని అనుకున్నవాళ్లకు, రోగి భయం ఎక్కడ మొదలవుతుందో తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2018 సెప్టెంబరు 23న మొదలుపెట్టింది, 2021లో తెలంగాణ అందులో చేరింది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, వయ వందన కార్డు మీద 5 లక్షల వరకు చికిత్స ఇస్తున్నారు.

ఇవన్నీ మంచి పనులే. అయితే కార్డు ఎప్పుడు పలుకుతుందో చూడండి. మంచం ఎక్కినప్పుడే. ఆయుష్మాన్ భారత్ లెక్కలో దవాఖానలో చేరడానికి ముందు 3 రోజులు, బయటికి వచ్చాక 15 రోజులు మందులకు కవరేజీ ఉంటుంది. ఆరోగ్యశ్రీ రూపకర్తలు ఇంకో అడుగు వేసి, గుండెకు స్టెంట్ వేయడం లాంటి కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఫాలో-అప్ ప్యాకేజీ పెట్టారు. ఆపరేషన్ అయిపోయినా రోగం అయిపోదని ఒప్పుకున్న కుట్టు అది. సొంత డబ్బుతో కొనే ప్రైవేటు పాలసీలూ చాలావరకు మంచం చుట్టూనే తిరుగుతాయి. 65 దాటినవాళ్లకు పాలసీ అమ్మకుండా ఉన్న వయసు అడ్డును బీమా నియంత్రణ సంస్థ 2024లో తీసేసింది. అయినా రోజువారీ బీపీ గోలీకి డబ్బిచ్చే పాలసీ సామాన్యుడి చేతికి అందేది కాదు.

అంటే గుండెపోటు వస్తే లక్షలు పెట్టే ఏర్పాటు ఉంది. గుండెపోటు రాకుండా ఆపే గోలీకి మాత్రం కార్డు లేదు. పదహారో రోజు పొద్దున మందుల షాపు ముందు నిలబడ్డ ముసలాయనకు ఈ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ సందు అందరికీ ఒకేలా లేదు. రిటైరైన ప్రభుత్వ టీచరుకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద వెల్‌నెస్ సెంటర్లలో రోజువారీ మందులు దొరికే వీలుంది. బీడీ కార్మికులకు 1976లో చట్టం చేసి, తయారైన బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో దవాఖానలు నడిపారు. తను చుట్టిన వెయ్యి బీడీల్లోంచే తన మందు రావాలన్న ఆలోచన అది. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. ఇక నెల నెలా చేతికి వచ్చేది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను. 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలైన ఆ పింఛనులోంచి గోలీలకు ఎంత, ఉప్పూ పప్పుకు ఎంత అన్న లెక్క ప్రతి నెలా వేసుకోవాల్సిందే. ఆ లెక్కలో గోలీ ఓడిపోతుంది. నొప్పి లేని రోగానికి మందు మానేయడం తేలిక. బీపీ ముందుగా చెప్పి రాదు.

సంచి అడుగుపెట్టింది ఈ సందులోకే. కానీ అది ఒక్క రోజులో పుట్టలేదు. దానికి ముందు 104 బండి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన ఆ సంచార వైద్యశాల, దవాఖానకు దూరంగా ఉన్న ఊరికి నెలకోసారి చెప్పిన తేదీకి వచ్చేది. బీపీ చూసి, షుగర్ చూసి, నెల మందులిచ్చి వెళ్లేది. ఊళ్లో ముసలివాళ్లు పండగ తేదీలు మరిచినా బండి తేదీ మరిచేవాళ్లు కాదు. ఆ బండిలో దాగిన ఉపాయం నెల అనే కొలత. మూడు రోజుల మందు రాస్తే ముసలివాళ్లు నాలుగో రోజు మళ్లీ రారు. ముప్పై రోజులకు రాస్తే వస్తారు. అయితే బండి వచ్చిన రోజు నాట్లకు పోయినవాళ్లకు, బిడ్డ కాన్పుకు వేరే ఊరు వెళ్లినవాళ్లకు ఆ నెల మందు దక్కేది కాదు.

ముప్పై రోజుల సూత్రానికి శాస్త్రం జత చేసింది 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని ఇది. మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది. వాళ్లు కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న డజన్ల కొద్దీ బీపీ మందుల్లోంచి రెండు మూడింటిని ఎంచి, ఏది ముందు, ఏది తర్వాత అని మెట్లు కట్టారు. చాలా చోట్ల ఆ క్రమం అమ్లోడిపిన్‌తో మొదలవుతుంది. చాలకపోతే టెల్మిసార్టన్, అదీ చాలకపోతే క్లోర్‌తాలిడోన్. మందులు కొన్నే అయితే ఎంతమంది రోగులు ఏ మెట్టు మీద ఉన్నారో లెక్కేసి, జిల్లాకు ఎన్ని గోలీలు కావాలో ముందే చెప్పొచ్చు. డాక్టరుకో బ్రాండు చొప్పున రాస్తే ఏ గోదాము లెక్కా కుదరదు.

నేను అన్నిటికంటే మెచ్చుకునేది ఈ ఎంపికనే. అమ్లోడిపిన్ గోలి ఒంట్లోకి వెళ్లాక సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే అవ్వ ఒక పూట మరిచిపోయినా ఆ మందు ఆమెను వెంటనే వదిలిపెట్టదు. క్లోర్‌తాలిడోన్ కూడా అలాగే చాలాసేపు నిలుస్తుంది. టెల్మిసార్టన్ తన జాతి మందుల్లో ఎక్కువసేపు పనిచేసే రకం. మూడింటికీ రోజుకు ఒక్కసారి చాలు. మనిషి మరిచిపోతుందని ముందే ఒప్పుకుని, ఆ మరపును క్షమించే మందును ఎంచుకోవడం కంటే మంచి పనితనం ఏముంటుంది? చదువు రాని ముసలామెకు బాధ్యత నేర్పిస్తామని ఎవరూ కూర్చోలేదు. బాధ్యతను మందు మీదికి నెట్టారు.

షుగర్ మందుల్లో అంత క్షమ లేదు. మెట్‌ఫార్మిన్ బువ్వతోపాటు వేసుకోకపోతే కడుపు తిప్పుతుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని పొద్దున తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. శనివారం ఒక్కపొద్దు ఉండే అవ్వలకు ఇది పెద్ద ప్రమాదం. అందుకే సంచికి అరలు కావాల్సి వచ్చింది. గోలీకి పూట ముఖ్యం కాదు, ఆ పూట తిండి ముఖ్యం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని విడదీయడమంటే మందును పొయ్యికి ముడివేయడమే.

ఇంకో చిన్న సంగతి. చాలామంది పిల్లలు అమ్మానాన్నల మీద ప్రేమతో గోలీలన్నీ షీట్లలోంచి ఒలిచి, వారం పేర్లున్న ప్లాస్టిక్ డబ్బాలో నింపి వెళ్తారు. టెల్మిసార్టన్ గాలిలో తేమను పీల్చుకునే గోలి. వేసుకునే నిమిషం దాకా అది షీట్‌లోనే ఉండాలి. సంచిలో షీట్లు షీట్లుగానే ఉంటే ఆ మందు చెడదు. పది గోలీల షీట్లు మూడైతే నెల. ఖాళీ అయిన గూళ్లు చూస్తే ఎన్ని రోజులు మరిచిందో కూడా తెలుస్తుంది. అక్షరం రాని ఇంట్లో ఆ షీటే రోజుల లెక్క చెబుతుంది.

సంచి ఇంటికి ఎలా వస్తుందో చూస్తే ఇంకొన్ని కుట్లు కనిపిస్తాయి. రాష్ట్ర స్థాయిలో మందులు కొనేది వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. ఏ దవాఖానలో ఏ మందు ఎంత ఉందో ఈ-ఔషధి అనే కంప్యూటర్ ఏర్పాటు చూపిస్తుంది. మందులన్నీ ఒక్క చోట కొని గోదాముల నుంచి లెక్కగా పంచే ఈ పద్ధతికి దేశంలో దారి చూపింది 1995లో పని మొదలుపెట్టిన తమిళనాడు వైద్య సేవల సంస్థ. అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఉపకేంద్రం, పల్లె దవాఖాన. చివరి గజం ఆశ కార్యకర్తది. గడపలో నిలబడి 'అవ్వా, గోలీలు ఏసుకుంటున్నవా?' అని అడిగే ఆ ఒక్క ప్రశ్న లేకపోతే పైనున్న గోదాములన్నీ వట్టి లెక్కలు. అవ్వ అబద్ధం చెబుతుందని ఆశకు తెలుసు. అందుకే షీట్ తీసి చూస్తుంది.

సిరిసిల్లకు వెళ్దాం. 2022 మార్చి 5న తెలంగాణ హెల్త్ ప్రొఫైల్‌ను ప్రయోగంగా మొదలుపెట్టిన రెండు జిల్లాల్లో రాజన్న సిరిసిల్ల ఒకటి, రెండోది ములుగు. 18 ఏళ్లు దాటినవాళ్లను ఇంటి దగ్గరే పరీక్షించి వివరాలు నమోదు చేయడం దాని ఉద్దేశం. రోగి దవాఖానకు రావాలని కూర్చోకుండా, దవాఖానే రోగిని వెతుక్కుంటూ వెళ్లడం. సిరిసిల్లకు అది సరిపోయే ఊరు. సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో పన్నెండేసి గంటల పాళీలు చేసే మనిషి, పనిచేయగలిగినంత కాలం తనకు రోగం లేదనే అనుకుంటాడు. ఒక పూట దవాఖాన వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోయినట్టే.

సంచి పనితనంలో లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. రాత్రి పాళీ చేసే సాంచా కార్మికుడికి పొద్దున అంటే నిద్రవేళ. అతని మొదటి బువ్వ మధ్యాహ్నం, పెద్ద బువ్వ సగం రాత్రి. అరలు చేసినవాళ్ల మనసులో సూర్యుడితో లేచే రైతు ఉన్నాడు కానీ కరెంటుతో నడిచే సాంచా లేదు. అరవై దాటినా కండెలు చుట్టే పనికి వెళ్లే ముసలివాళ్లున్న ఊరిలో అరల మీద పూట పేర్లకు బదులు 'మొదటి బువ్వ, రెండో బువ్వ' అని ఉంటే మేలు. అందాకా, పాళీ మారినప్పుడు గోలీల వేళ ఎలా మార్చుకోవాలో ఆశను, నర్సును అడిగి తెలుసుకోవాల్సిందే.

జగిత్యాలలో లోపం వేరు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే జిల్లా అది. తెరవని ఇన్సులిన్ సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో దానికి సంచి ఏ సాయమూ చేయదు. అక్కడ ఇంటివాళ్ల పనితనమే దిక్కు: నీళ్లు చెమర్చే మట్టికుండ, తడి గుడ్డ, నీడ ఉన్న మూల. ఫ్రిజ్‌కు సాటి కాకపోయినా ఎండలో కిటికీ గట్టు కంటే ఎంతో నయం. 2022 నుంచి జగిత్యాలలో, 2023 నుంచి సిరిసిల్లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి కాబట్టి, పెద్ద డాక్టరు రాసే మందులు ఇప్పుడు ఊరికి దగ్గరయ్యాయి. అయితే పెద్ద డాక్టరు రాసే మందులన్నీ సంచిలో ఉండవు. కిడ్నీకి, ఊపిరితిత్తులకు, వణుకుడు రోగానికి రాసే ఖరీదైన మందులకు జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ మందు ఉందేమో అడగడం ఒక దారి.

ఈ పనితనాన్ని తూచాలంటే ఇంకో దేశం తక్కెడ కావాలి. అమెరికాలో 65 దాటినవాళ్లకు మందుల కోసమే విడిగా బీమా ఉంది, పేరు మెడికేర్ పార్ట్ డి. 2003 డిసెంబరులో చట్టమై 2006 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్లి గ్రీన్ కార్డు మీద అయిదేళ్లు వరుసగా ఉన్న మన ఊరి అమ్మానాన్నలు కూడా ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. దాని పరిధి మన సంచి ఊహకు అందదు. వేల మందులు, వాటిని శ్రేణులుగా విడదీసిన జాబితాలు. మొదట్లో దాని మధ్యలో ఒక పెద్ద బొక్క ఉండేది. ఖర్చు ఒక హద్దు దాటాక బీమా ఆగిపోయి, రోగే అంతా కట్టుకోవాల్సి వచ్చేది. గారెలాంటి మిఠాయి పేరు మీద దాన్ని డోనట్ హోల్ అన్నారు. 2022 చట్టంతో ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు దిగింది, 2025లో బొక్క పూడింది, ఏడాదికి రోగి జేబులోంచి 2,000 డాలర్లకు మించకూడదన్న హద్దు వచ్చింది. 2026కు ఆ హద్దు 2,100 డాలర్లు. ఇంతకు మించి నీ మీద పడదు అని చెప్పగలిగే మాట మన కార్డుల్లో రోజువారీ మందులకు ఇంకా లేదు. అది వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన కుట్టు.

అయితే ఆ బీమా ముసలివాళ్లను ఎన్ని అడుగుతుందో! ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు ప్లాన్లన్నీ పోల్చి చూసుకోవాలి. నీ గోలీ ఏ శ్రేణిలో ఉందో, నీ షాపు ఆ ప్లాన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. మొదట్లో చేరకుండా ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం చొప్పున జరిమానా, అదీ బీమా ఉన్నంత కాలం. చదువుకున్న కొడుకు పక్కన కూర్చుంటే తప్ప తెగని లెక్క. కోరుట్ల అవ్వ చేతిలోని సంచి ఆమెను ఏ ప్లానూ ఎంచుకోమనదు, ఏ తేదీ గుర్తుపెట్టుకోమనదు. చెయ్యి లోపల పెట్టి, ఈ పూట అరలోంచి గోలి తీసుకోమంటుంది. మందుల ఏర్పాటును తూచే కొలత నా దృష్టిలో ఇదొక్కటే: ఆలోచించే బరువును ముసలి మనిషి మీద ఎంత వేసింది, తన మీద ఎంత వేసుకుంది. ఆ కొలతలో, జాబితా చిన్నదైనా, సంచి నెగ్గుతుంది.

నెగ్గాలంటే నెల తప్పకూడదు. ఒక్క నెల గోదాములో మందు అయిపోతే ముప్పై రోజుల సూత్రం అక్కడికక్కడే తెగుతుంది. తెగిన పోగును సాంచా దానంతట అది అతుక్కోదు, మనిషి ఆపి అతకాలి. మందు రాని నెలలో అవ్వ షాపుకు వెళ్తుంది, ఇంకో పేరున్న గోలి తెచ్చుకుంటుంది. తర్వాతి నెల సంచి వస్తుంది. షాపు గోలీ, సర్కారు గోలీ రెండూ వేసుకుంటుంది. రెండూ అమ్లోడిపినే అని ఆమెకు ఎవరు చెప్పాలి? పైన బ్రాండు పేరు పెద్దక్షరాల్లో, అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. కాళ్లు వాస్తే నడకకు అనుకుంటారు, కళ్లు తిరిగితే వయసుకు అనుకుంటారు.

సంచి ఆగిపోయే చోటు ఇది. ఇక్కడి నుంచి మన పని. దుబాయి నుంచో, హైదరాబాద్ నుంచో, డాలస్ నుంచో ఊరికి వచ్చినప్పుడు అమ్మానాన్నల గోలీలన్నీ, సంచిలోవీ బీరువాలోవీ దిండు కిందివీ, మంచం మీద కుమ్మరించండి. ఒక్కో షీట్ వెనక చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఒకే పేరు రెండు చోట్ల కనిపిస్తే విడిగా పెట్టండి. దేన్నీ మీరుగా మానిపించవద్దు. అన్నీ ఒక గుడ్డలో మూటగట్టి, పల్లె దవాఖానకో, వైద్యం చూసే డాక్టరుకో చూపించి, ఏది ఉంచాలో అడగండి. అరగంట పని. అది ఏ కార్డూ చేయదు.